మూడు లక్షల వంటగది, కొనేవారి జేబు లెక్క

కొత్తపట్నంలో ఇరవై ఏళ్ల కిందట కట్టిన డాబా ఇల్లొకటి అమ్మకానికి పెట్టారనుకుందాం. లెక్క తేలికగా సాగడానికి ధరలు నేనే వేస్తున్నాను, మీ వీధి ధరలు మీరు వేసి చూసుకోండి. స్థలం 150 గజాలు, గజం రూ.10,000 చొప్పున 15 లక్షలు. ఇల్లు 1,000 చదరపు అడుగులు. ఇవాళ కొత్తగా కట్టాలంటే అడుగుకు రూ.1,800 చొప్పున 18 లక్షలవుతుంది. కానీ పాత ఇంటికి కొత్త ఇంటి ధర ఎవరూ ఇవ్వరు. బ్యాంకు పంపే వాల్యుయర్ శ్లాబు ఇంటికి మామూలుగా 60 ఏళ్ల ఆయుష్షు వేస్తాడు. ఆఖరికి 10 శాతం విలువ మిగులుతుందని పట్టుకుని ఏటా ఒకటిన్నర శాతం తరుగు తీస్తాడు. ఇరవై ఏళ్లకు 30 శాతం పోతుంది. 18 లక్షల ఇల్లు 12.60 లక్షలకు దిగుతుంది. స్థలంతో కలిపి 27.60 లక్షలు.

ఇప్పుడు కొనేవారి వైపు నుంచి చూద్దాం. ముప్పై లక్షల లోపు గృహరుణానికి ఆస్తి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. మనం జాగ్రత్తగా 80 శాతమే వేసుకుందాం. బ్యాంకు 22.08 లక్షలు ఇస్తుంది, మిగతా 5.52 లక్షలు కొనేవారు తెచ్చుకోవాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు దీనికి అదనం. మన ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి ఏడున్నర శాతం. అంటే రూ.2.07 లక్షలు. పది లక్షలు దాటిన ఇంటికి ఈ ఖర్చును బ్యాంకు విలువలో కలపదు. మొత్తం మీద ఈ ఇల్లు కొనాలంటే చేతిలో 7.59 లక్షలుండాలి.

అమ్మే ఆయన ఇంటికి కళ తేవాలని మూడు లక్షలు పెట్టి మాడ్యులర్ కిచెన్, హాల్లో ఫాల్స్ సీలింగ్ చేయించి, ఆ మూడు లక్షలూ ధరలో కలిపాడు. ధర 30.60 లక్షలైంది. చూడటానికి పెరిగింది 11 శాతమే. అయితే వాల్యుయర్ కబోర్డులకూ సీలింగుకూ పెద్దగా విలువ కట్టడు. బ్యాంకు ఒప్పంద ధర, వాల్యుయర్ ధర రెండింట్లో తక్కువదాన్నే పట్టుకుంటుంది. అప్పు 22.08 లక్షల దగ్గరే ఆగిపోయింది. కొనేవారు ఇప్పుడు చేతి నుంచి 8.52 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 2.295 లక్షలు తేవాలి. మొత్తం 10.81 లక్షలు పైచిలుకు. మొదట 7.59 ఉన్నది ఇంతైంది. జేబు మీద బరువు 42 శాతం పెరిగింది.

చాలా ఇళ్లు ‘బాగానే ఉంది, ఆలోచించి చెబుతాం’ అనే మాట దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. కొనేవారికి ఇల్లు నచ్చలేదని కాదు. నచ్చిన ఇంటికి చేతి డబ్బు చాలడం లేదు. అందుకే అమ్మకానికి ముందు పెట్టే ప్రతి రూపాయినీ నేను ఒకే ప్రశ్నతో తూస్తాను. అది కొనేవారి మనసులో ఉన్న భయాన్ని తీసేస్తోందా, లేక వాళ్లు అడగని సోకును వాళ్ల నెత్తిన పెడుతోందా? భయం తీసే ఖర్చుకు ధర పెంచనక్కరలేదు, అడిగిన ధర నిలబడుతుంది. పల్లెలో, చిన్న పట్నంలో ఇల్లు అమ్మేవారికి అంతకంటే కావలసింది లేదు.

అమెరికాలో ఈ లెక్కను ఏటా అచ్చు వేస్తారు. ‘రీమోడలింగ్’ పత్రిక వారి 2024 నివేదిక ప్రకారం గ్యారేజీ తలుపు మారిస్తే పెట్టిన ఖర్చుకు 194 శాతం, వీధి తలుపు స్టీలుది పెడితే 188 శాతం తిరిగి వస్తుందని అంచనా. ఉన్న వంటగదినే చిన్న మార్పులతో బాగు చేస్తే 96 శాతం వస్తుంది. అదే వంటగదిని మొత్తం పీకి ఖరీదైన సామాను బిగిస్తే వచ్చేది 38 శాతమే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు అమ్మిన మనవాళ్లకు ఈ అంకెలు కొత్త కాదు. మనకు గ్యారేజీ తలుపులు లేవు, అంకెలు యథాతథంగా ఇక్కడికి రావు. కానీ వరస మాత్రం వస్తుంది. పాడైనదాన్ని బాగుచేసిన ఖర్చు తిరిగి వస్తుంది, బాగున్నదాన్ని మార్చిన ఖర్చు రాదు.

కొత్తపట్నంలో కొనేవారి మొదటి భయం ఉప్పు. ఒంగోలుకు తూర్పున సుమారు 18 కిలోమీటర్లలో సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు ఇది. సరుగుడు తోటల మీదుగా వచ్చే గాలి హాయిగా ఉంటుంది, అదే గాలి ఇంట్లోని ఇనుమును తినేస్తుంది. కాంక్రీటుకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456. సముద్రానికి దూరంగా ఉన్న మామూలు ఇంటికి ఎం20 కాంక్రీటు, ఊచ మీద 20 మిల్లీమీటర్ల కవరు, సిమెంటులో నీళ్ల పాలు 0.55 మించకుండా ఉంటే చాలంటుంది. తీరంలో గాలికి నేరుగా ఎదురయ్యే కాంక్రీటును మాత్రం తీవ్ర తరగతిలో వేసి ఎం30, 45 మిల్లీమీటర్లు, 0.45 అడుగుతుంది. మన పక్క మేస్త్రీలు తరతరాలుగా వేస్తున్నది ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు. అదీ ఊచ కింద కంకర రాయి పెట్టి ఎత్తి పట్టుకుంటే. కాంక్రీటు పోసేటప్పుడు మనిషి కాలు పడి ఆ రాయి జారిందంటే అంత కూడా ఉండదు.

కలిపే నీళ్ల సంగతీ ఉంది. ఊచలున్న కాంక్రీటుకు వాడే నీళ్లలో లీటరుకు క్లోరైడు 500 మిల్లీగ్రాములు మించకూడదు. సముద్రపు నీటిలో అది దాదాపు 19,000. రెండింటికీ మధ్య ఉన్న ఉప్పు బోరు నీళ్లతో, కడగని తీరపు ఇసుకతో కట్టిన ఇంటికి రోగం లోపలే పుట్టి ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కింది కాంక్రీటు పగిలి పెచ్చులుగా ఊడుతుంది.

ఇంటికి వెళ్లినప్పుడు తలెత్తి చూడండి. మొదట సజ్జ అడుగున, తర్వాత స్నానాల గది శ్లాబు అడుగున ఊచ పొడవునా సన్నటి గోధుమరంగు గీత కనిపిస్తుంది. కొన్నాళ్లకు ఆ గీత వెంట సున్నం ఉబ్బుతుంది. కర్రతో తడితే గట్టి చోట ఒక రకంగా, బోలుపోయిన చోట డబడబమని మోగుతుంది. కొనడానికి వచ్చేవారి వెంట తెలిసిన మేస్త్రీ ఒకరు ఉండనే ఉంటారు, ఆయన చేసే మొదటి పని ఈ తట్టడమే. దాని మీద పుట్టీ పెట్టి రంగు వేయడం డబ్బు దండగ. అంతకంటే చెడు ఏమిటంటే, దాచారని తెలిసిన క్షణంలో కొనేవారికి మిగతా ఇంటి మీద కూడా నమ్మకం పోతుంది. రిపేరుకు అయ్యే ఖర్చు ఒకటైతే బేరంలో తగ్గించమని అడిగేది దానికి ఎన్నో రెట్లుంటుంది. ఎందుకంటే వాళ్లు కనబడని భాగానికి కూడా ధర కడతారు.

సరైన పని చిన్నదేమీ కాదు, కానీ తెలిసిన పనే. బోలుపోయిన కాంక్రీటును ఊచ వెనక వేలు దూరేంత వరకు చెక్కాలి. ఊచను మెరిసేదాకా వైరు బ్రష్షుతో గీకాలి. బాగా సన్నబడిన చోట పక్కన కొత్త ఊచ కట్టాలి. తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన మాలుతో పొరలు పొరలుగా పూడ్చాలి. ఈ పని జరుగుతున్నప్పుడు రోజుకో ఫొటో తీసి పెట్టుకోండి. కొనేవారికి చూపించడానికి కొత్త టైల్స్ కంటే ఈ ఫొటోలు బలమైన సాక్ష్యం.

ఒంగోలు వైపు వెళ్లే కొద్దీ ఇసుక పోయి నల్లరేగడి వస్తుంది. అక్కడ భయం పగుళ్లు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా గోడ చీలుతుంది. పగులు పాతదా ఇంకా కదులుతోందా అన్నది తెలుసుకోవడానికి దానికి అడ్డంగా చిన్న గాజు పలకను సిమెంటుతో అతికించి, కింద తారీఖు రాసి వదిలేయండి. ఒక వానాకాలం, ఒక వేసవి దాటినా గాజు విరగలేదంటే ఇల్లు నిలకడకొచ్చినట్టే. ఇంటి చుట్టూ రెండున్నర అడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు చేసి, పైకప్పు నీళ్లు పునాది దగ్గర పడకుండా గొట్టంతో దూరం పంపితే రేగడి ఆటలు సగం కట్టు అవుతాయి.

రెండో భయం నీళ్లు. ఇక్కడ ఈ సంగతి అర్థమైతే ఇంటి ధర సంగతి కూడా అర్థమవుతుంది. తీరపు ఇసుక దిబ్బల కింద వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రపు నీరు తీపి నీటి కంటే రెండున్నర శాతం బరువు. ఆ తేడా వల్ల భూమిలో తీపి నీటి మట్టం సముద్ర మట్టానికి ఒక మీటరు పైన ఉంటే దాని అడుగున దాదాపు 40 మీటర్ల లోతు వరకు తీపి నీరు నిలుస్తుంది. తిరగేసి చూస్తే, మట్టం ఒక అడుగు పడితే కింద ఉప్పు నలభై అడుగులు పైకి జరుగుతుంది. అందుకే ఇక్కడ లోతు బోరు గొప్ప కాదు. తక్కువ లోతులో చిన్న మోటారుతో మెల్లగా తోడే బోరే తీపిగా మిగులుతుంది. లోతుకు వేసి పెద్ద మోటారు బిగించినవారు తమ నీళ్లను తామే ఉప్పు చేసుకున్నట్టు.

తాగే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుండాలని, వేరే గతి లేకపోతే 2,000 వరకు పర్లేదని ఐఎస్ 10500 ప్రమాణం. ఇల్లు చూపించే రోజున బోరు నీటి పరీక్ష కాగితం టేబుల్ మీద పెట్టండి. వేసవి చివర ఒకసారి, వానల తర్వాత ఒకసారి చేయించినదైతే ఇంకా మంచిది. అంకె గొప్పగా లేకపోయినా సరే, తెలిసిన అంకెకు కొనేవారు ధర కట్టగలరు, తెలియని నీటికి భయమే కడతారు. ఒంగోలుకు దూరంగా పడమటి మండలాల్లో అయితే ఫ్లోరైడు అంకె తప్పనిసరి. అక్కడ లీటరుకు ఒక మిల్లీగ్రాము మంచి గీత, ఒకటిన్నర ఆఖరి గీత.

నీళ్ల దగ్గరే దాచకుండా మాట్లాడాల్సిన ఇంకో అంకె ఉంది. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంట తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని ప్రమాణం. మన 150 గజాల స్థలం 45 అడుగులు బై 30 అనుకుంటే, ఈ మూల నుంచి ఆ మూలకే పదహారున్నర మీటర్లు. ఎంత తెలివిగా ప్లాను గీసినా ఆ దూరం రాదు. పక్కింటివారి గుంట ఎటూ ఉంది. ఇసుక నేలలో మురుగు త్వరగా పాకుతుంది. కాబట్టి ఇలాంటి స్థలాల్లో బోరును వాడకానికి ఉంచి, తాగడానికి పంచాయతీ కుళాయి గొట్టం వంటింటి దాకా తెచ్చి, ఒక చిన్న సంపు కట్టడం మంచి ఖర్చు. ఒంగోలు పక్క ఏటా 800 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. వెయ్యి అడుగుల డాబా మీద పడేది 74,000 లీటర్లు. ఐదింట నాలుగు వంతులు పట్టినా దాదాపు 59,000 లీటర్లు ఇసుకలోకి ఇంకించవచ్చు. తీపి నీటి పొరకు అది నేరుగా బలం.

మూడోది ఎండ. పదడుగులు బై పన్నెండు గది వైశాల్యం 120 చదరపు అడుగులు. ఉక్కపోత వాతావరణంలో కిటికీల వైశాల్యం గది నేలలో ఆరో వంతు ఉండాలని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతుంది, అంటే 20 అడుగులు. మన పాత ఇళ్లలో ఒకే ఒక నాలుగు బై నాలుగు కిటికీ ఉంటుంది, అది పదహారే. గాలి రావడానికి ఒక దారే ఉండి పోవడానికి దారి లేకపోతే అదీ దండగే. తూర్పు నుంచి సముద్రపు గాలి వచ్చే ఊళ్లో ఎదురు గోడకు ఇంకో కిటికీ తెరవడం కంటే చవకైన మార్పు నాకు తెలియదు. మేస్త్రీ రెండు రోజుల పని, పైన లింటల్ మాత్రం సరిగా వేయాలి. ఇనుప గ్రిల్ బదులు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టేటట్లయితే 316 రకం అడగండి. మామూలు 304 ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది. కిటికీ చట్రాలకు యూపీవీసీ ఇక్కడ బాగా నిలుస్తుంది.

డాబా మీద తెల్లటి కూల్ పెయింటు కూడా ఇదే జాబితాలోది. తెలంగాణ 2023లో దీనికి ఒక విధానమే తెచ్చింది. సోలార్ విషయంలో నా మాట వేరు. పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు రూ.78,000 రాయితీ వస్తుంది, నెలకు 300 యూనిట్లకు పైగా కరెంటు వస్తుంది, దాదాపు 300 చదరపు అడుగుల డాబా పడుతుంది. ఇంట్లో ఉండేవారికి మంచిది. అమ్మడం కోసమే అయితే పెట్టకండి, ఆ లాభం తిరిగి రావడానికి మీకు కాలం చాలదు. ఇప్పటికే ఉంటే మాత్రం దాని కాళ్ల దగ్గర శ్లాబు కారుతోందేమో చూసుకోండి. ఈ తీరంలో కట్టడాలకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్ల గాలిని లెక్కలోకి తీసుకోమని ప్రమాణం. బోల్టులు ఆ గాలికి పట్టి ఉంచాలి, అదే సమయంలో శ్లాబును కారనివ్వకూడదు.

ఇక అందరికీ ఇష్టమైన వంటగది. పార్టికల్ బోర్డు తలుపులు ఈ గాలికి ఉబ్బుతాయి, కీళ్లు తుప్పు పడతాయి. మన జిల్లాలోనే చీమకుర్తిలో దొరికే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా కొనుక్కుపోతోంది. నల్లటి రాయిలో బంగారు రంగు చుక్కలు మెరిసే ఆ రాయితో గట్టు వేసి, కింద కడప బండ అరలు కట్టి, పెద్ద సింకు, మంచి కుళాయి, ఎగ్జాస్టు ఫ్యాను, మిక్సీకీ ఫ్రిజ్‌కూ సరిపడా ప్లగ్గులు పెడితే చాలు. మూడు లక్షల్లో కొంత భాగంతో అయిపోతుంది, వంట చేసే మనిషికి నచ్చుతుంది. కింది అంతస్తులో పెద్దవాళ్లు వాడుకోగల వెస్ట్రన్ కమోడ్ స్నానాల గది ఒకటి, జారని టైల్స్‌తో, గోడకు పట్టుకునే కడ్డీతో ఉంటే అడగకుండానే చూసుకుంటారు. ఇల్లు ఎంచుకునే మాటలో ఇంటి పెద్దవాళ్ల ఓటు బరువైనది.

వాస్తు గురించి వాదించను. మీరు నమ్మకపోయినా కొనేవారు నమ్ముతారు. పొయ్యిని ఆగ్నేయానికి జరపడం, సంపును ఈశాన్యంలో పెట్టడం, గేటును పక్కకు మార్చడం చిన్న ఖర్చులు, చేయండి. పిల్లర్లు, బీములు కదిలించే మార్పు మాత్రం ఎవరు చెప్పినా వద్దు. వచ్చే కొనుగోలుదారుడి పండితుడు వేరే మాట చెప్పవచ్చు, విరిగిన బీము మాత్రం బాగుపడదు.

ఎప్పుడు చేయాలన్నది కూడా లెక్కే. మనవైపు భారీ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో వస్తాయి. మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. కాబట్టి శ్లాబు పని వేసవిలో ముగించి, ఆ మూడు నెలల వాన ఇంటి మీద పడనివ్వండి. పుష్యం వెళ్లి మాఘం వచ్చేసరికి ముహూర్తాలు మొదలవుతాయి. గుంటూరు యార్డుకు కొత్త మిర్చి, వేలం కేంద్రాలకు పొగాకు వచ్చే రోజులూ అవే. రైతు చేతిలో డబ్బు ఆడే ఆ నెలల్లో, ఒక వానాకాలం తట్టుకుని చెమ్మ మరక లేకుండా నిలిచిన గోడలు చూపించగలిగితే అడిగిన ధర అడగవచ్చు.

కాగితాల సంగతి కొద్దిగా. పాత ఊళ్లో చాలా ఇళ్లు గ్రామకంఠంలో ఉంటాయి, విడి సర్వే నంబరు ఉండదు. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్ సర్వే చేసి ఇచ్చే కార్డు మీ ఇంటికి వచ్చిందేమో చూసుకోండి. 22-ఏ నిషేధిత జాబితాలో స్థలం లేదని, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తాజాగా ఉందని బేరానికి ముందే తేల్చుకోవాలి. బీచ్ దగ్గరి ఇళ్లకు తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఉంది. 2019 నాటి నిబంధన ప్రకారం గ్రామీణ తీరంలో జనసాంద్రతను బట్టి అలల గీత నుంచి 50 లేదా 200 మీటర్ల వరకు కొత్త కట్టడం కుదరదు. అనుమతితో ఉన్న పాత ఇంటిని బాగుచేసుకోవచ్చు, పెంచకూడదు. ‘పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు’ అని అలాంటి ఇంటికి మాట ఇవ్వకండి.

బిల్లులు పారేయకండి. రెండేళ్లకు పైగా ఉంచుకున్న ఇల్లు అమ్మితే లాభం మీద పన్ను ఇప్పుడు 12.5 శాతం. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటికి ద్రవ్యోల్బణ సూచీ వాడుకుని 20 శాతం కట్టే దారీ దేశంలో నివసించే వ్యక్తులకు ఉంది. రెండూ వేసి చూసి తక్కువది ఎంచుకోవచ్చు. కొత్త గది, స్నానాల గది, సంపు లాంటివి ఆస్తికి చేర్చిన ఖర్చు కింద లాభంలోంచి తీసేస్తారు. 12.5 శాతం దారిలో బిల్లు ఉన్న ప్రతి లక్షకూ రూ.12,500 పన్ను తగ్గుతుంది. రంగులు, మామూలు రిపేర్లు ఆ లెక్కలోకి రావు. అందుకే మేస్త్రీకి చేతికి ఇచ్చే డబ్బుకు కూడా రసీదు రాయించుకుని, సిమెంటు, ఊచలు, టైల్స్ బిల్లులు జీఎస్టీతో సహా ఇంటి డాక్యుమెంట్ల సంచిలోనే ఉంచండి.